గృహిణి, వుల్వర్‌హాంప్టన్

నార్విచ్
1971 సెప్టెంబరు 27

బెరిల్,

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగే ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. లేదు, మా నిఘంటువు ఇంకా పూర్తికాలేదు. తొమ్మిదేళ్లకు ఇంగ్లీషు 'ఇ' అక్షరం దాకా వచ్చాం. చివరి అక్షరం దాకా నేను బతికుంటానో లేదో గానీ పెన్‌రోజ్ గారు మాత్రం ఉంటారు. మా ప్రధాన సంపాదకుడికి చావడానికి కూడా తీరిక లేదు.

పది రోజుల క్రితం నా బల్ల మీదికి 'ఎంటర్‌టైన్' వచ్చింది. అందరికీ తెలిసిన మాటే కదా, ఒక పూటలో తేల్చేస్తాననుకున్నాను. ఇంకా తేలలేదు. ఇంటికొచ్చినవాళ్లకు తినడానికీ తాగడానికీ పెట్టి మర్యాద చేయడం ఒక అర్థం. ఆటతోనో పాటతోనో కబుర్లతోనో పొద్దుపుచ్చడం రెండోది. ఏదైనా ఆలోచననో ఆశనో అనుమానాన్నో మనసులోకి రానిచ్చి ఉండనివ్వడం మూడోది.

మా పద్ధతి నీకు తెలుసు. ఉదాహరణ వాక్యాలు మేం కల్పించకూడదు. ఎవరో ఎక్కడో నిజంగా రాసి ఉండాలి. పుస్తకంలోనో, పత్రికలోనో, హోటలు మెనూలోనో కనిపించిన వాక్యాన్ని అరచేతంత చీటీ మీద ఉన్నదున్నట్టు ఎక్కించి, అది ఎక్కడిదో కింద రాసి, సొరుగులో వేస్తాం. ఒక్క అక్షరం మార్చినా పెన్‌రోజ్ గారు ఊరుకోరు. ఈ మాటకు ఎనభై మూడు చీటీలున్నాయి. అన్నీ మగవాళ్లు రాసినవే. రాజుగారు రాయబారికి మర్యాద చేశాడట. బిషప్పు గారు పన్నెండుమందికి విందు చేశాడట. రాజుగారు ఉల్లిపాయ కోశాడా? బిషప్పు గారు అంట్లు తోమాడా? వండినవాళ్లు ఒక్క చీటీలోనూ లేరు.

అందుకే నువ్వు గుర్తొచ్చావు. మీ ఇంట్లో ఈ మాట వాడతారా? ఎవరు ఎవరితో అంటారు? తీరిక చూసుకుని రాయి.

నీ అక్క
ఎనిడ్


వుల్వర్‌హాంప్టన్
1971 అక్టోబరు 8

అక్కా,

తీరిక చూసుకుని రాయమన్నావు. నిన్న గురువారం. ఇవాళ తీరికే, అంట్లు తప్ప.

ఆ మాట మా ఇంట్లో వారానికోసారి వినిపిస్తుంది. మంగళవారం పొద్దున టోస్టు తింటూ క్లిఫర్డ్ అంటాడు: "గురువారం బ్రాడ్‌ఫర్డ్ నుంచి మన కంపెనీ తాళాలు కొనేవాళ్లొస్తున్నారు, మనం ఎంటర్‌టైన్ చెయ్యాలి." మనం అట. ఆ 'మనం'లో ఆయన వంతు షెర్రీ వైను సీసా మూత తీయడం. తక్కినదంతా నా వంతు. బుధవారం కేకు ముక్కల మీద కస్టర్డు పోసి ట్రైఫిల్ చల్లబెట్టడం, గురువారం పొద్దున్నే కసాయి కొట్టుకు పోయి మంచి ముక్క కోసం వాడితో దెబ్బలాడటం, సాయంత్రం గాజు గ్లాసుల్లో రొయ్యలు సర్దడం, మాంసం, గ్రేవీ, ఆ గ్రేవీ ఉండ కట్టకుండా ప్రార్థనలు. ఆ పైన జుట్టు చుట్టుకుని, ముత్యాల పేట వేసుకుని, ఏమీ చెయ్యనిదానిలా తలుపు తియ్యడం.

మా భోజనాల బల్లకు ఆరు కుర్చీలు. వచ్చేవాళ్లు అయిదుగురు, ఆయన ఆరు. ఏడోదాన్ని నేను. వంటింటి గోడకు కిటికీ కొట్టించాడు కదా, అందులోంచి పళ్లేలు అందిస్తాను. అవతల జోకు వేస్తారు, సగం వినపడుతుంది. మిగతా సగానికి వాళ్లు నవ్వుతారు.

షెఫీల్డ్ నుంచి వచ్చే ఒకాయన మూడేళ్లుగా నన్ను బార్బరా అంటున్నాడు. మొదటిసారే సరిదిద్దాల్సింది. ఇప్పుడు సరిదిద్దితే ఆయన నొచ్చుకుంటాడని క్లిఫర్డ్ బాధ. నా దగ్గర బిస్కెట్ల డబ్బాలో కార్డులున్నాయి, ఒక్కో అతిథికి ఒక్కోటి. ఎప్పుడొచ్చాడు, ఏం పెట్టాను, ఏం పడదు, ఎంతమంది పిల్లలు. పెట్టింది మళ్లీ పెట్టకూడదు కదా. వాళ్ల కుక్కల పేర్లతో సహా నాకు తెలుసు. పన్నెండేళ్లుగా ప్రతి గురువారం తాళాలు కొనేవాళ్లను ఎంటర్‌టైన్ చేస్తున్నాను, వాళ్లలో ఒక్కరికీ నా పేరు తెలియదు.

ఇప్పుడు ఇంకో ముచ్చట. క్లిఫర్డ్‌ను కంపెనీ డైరెక్టర్ని చేసే ఆలోచన ఉందట. అందుకు ముందు చైర్మన్ ఫెనర్ గారు భార్యతో సహా మా ఇంటికి భోజనానికి వస్తారు. ఎందుకో తెలుసా? నన్ను చూడటానికి. డైరెక్టరు భార్యగా పనికొస్తానో లేదో చూస్తారట. సంతలో గుర్రం పళ్లు చూస్తారే, అలా. జనవరిలో. క్లిఫర్డ్ అప్పుడే నా జుట్టు గురించి సలహాలిస్తున్నాడు.

నీ మూడో అర్థం సంగతంటావా, నా మనసులోకి ఆలోచనలు రాక కాదు. వస్తాయి. కుర్చీ వెయ్యను, నిలబెట్టే పంపించేస్తాను.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేసెయ్. ఇదంతా నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

బెరిల్


నార్విచ్
1971 అక్టోబరు 20

బెరిల్,

నీ ఉత్తరం ఇంట్లో రెండుసార్లు చదివాను, ఆఫీసుకు తీసుకెళ్లి మూడోసారి చదివాను. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. నువ్వు మాట్లాడినట్టే రాస్తావు. మా ఆఫీసులో పట్టాలున్న ఏ ఒక్కరికీ అది చేతకాదు.

పొయ్యిలో వెయ్యమన్నావు. నా గదిలో పొయ్యి ఎక్కడిది, గ్యాసు హీటరే.

ఫెనర్ దంపతుల గురించి బెంగపడకు. రొయ్యలు వద్దు, జనవరిలో మంచివి దొరకవు. ఇంకా రాయి. ఎంత కోపమొస్తే అంత రాయి.

నీ అక్క
ఎనిడ్


వుల్వర్‌హాంప్టన్
1972 జనవరి 21

ఎనిడ్,

క్షేమసమాచారాలు లేవు.

నిన్న ఫెనర్ దంపతులు వచ్చారు. వాళ్లతో ముగ్గురు డైరెక్టర్లు. అన్నీ బాగానే జరిగాయి. మాంసం మెత్తగా ఉడికింది, గ్రేవీ ఉండ కట్టలేదు. సెలరీ పడదని తెలుసు కనుక మిసెస్ ఫెనర్‌కు సూపు విడిగా చేశాను. ట్రైఫిల్ తెచ్చి వడ్డిస్తున్నాను. ఆవిడ చేతిసంచీలోంచి పత్రిక కత్తిరింపు ఒకటి తీసింది.

"మీ తాళాలవాళ్ల గురించి ఏదో పడిందే, చూశారా? కొత్త నిఘంటువు వస్తోందట. నమూనాకి ఒక పేజీ వేశారు," అని కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. గట్టిగా, కిందున్న మా ఊరి పేరుతో సహా. పన్నెండేళ్లుగా ప్రతి గురువారం తాళాలు కొనేవాళ్లను. నా మాటలు, నా బల్ల దగ్గర, ఇంకొకావిడ నోట.

అందరూ నవ్వారు. ఫెనర్ గారు ఇంకొంచెం ఎక్కువ నవ్వి, "పాపం ఎవరి పెళ్లామో. ఈ ఊళ్లో తాళాలవాళ్లం ఎంతమందిమని? తేలిగ్గానే దొరికిపోతుంది," అన్నాడు. క్లిఫర్డ్ నావైపు చూశాడు. నువ్వు ఎక్కడ పనిచేస్తావో ఆయనకు తెలియదా? మిసెస్ ఫెనర్ కూడా నావైపే చూసి, "మీకేమైనా తెలుసా, ఎవరో ఈవిడ?" అంది.

నేనేమన్నానో తెలుసా? "తెలీదండీ. ట్రైఫిల్ ఇంకాస్త వెయ్యమంటారా?" అన్నాను.

వాళ్లు వెళ్లాక క్లిఫర్డ్ అరవలేదు. అరిచినా బాగుండేది. నీ ఉత్తరాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, "ఆ వాక్యం పుస్తకంలోకి ఎక్కిందా, నా సీటు పోయినట్టే. తీయించు," అన్నాడు. మార్చి రెండున ఫెనర్ దంపతులు మళ్లీ వస్తారు. అప్పటికి, అదేదో మా వదిన ఆఫీసులో జరిగిన పొరపాటనీ, తీసేశారనీ ఆయన చెప్పుకోవాలట.

పొయ్యిలో వెయ్యమన్నాను నిన్ను. పుస్తకాలన్నావు, పత్రికలన్నావు, మెనూలన్నావు. ఉత్తరాలనలేదు. ఏ మొహం పెట్టుకుని ఇంకా రాయి, ఇంకా రాయి అన్నావు? తోడబుట్టినదాని దగ్గర ఏడ్చుకుంటున్నాననుకున్నాను. నువ్వు పక్కన చీటీ పెట్టుకుని కూర్చున్నావు.

బెరిల్


నార్విచ్
1972 జనవరి 26

బెరిల్,

తప్పయింది. నిన్ను అడగాల్సింది. ఆ నమూనా పేజీ పత్రికకు ఇస్తారని నాకు తెలియదు. ఆ మాట నమ్మితే నమ్ము.

కానీ నీ ఉత్తరంలో ఉన్నదంతా ఒప్పుకోమంటే ఒప్పుకోను. ఉత్తరాలు తీసుకోవడం మా ఆఫీసులో ఎప్పటినుంచో ఉంది. సైనికులు తల్లులకు రాసినవి, పనిమనుషులు అక్కచెల్లెళ్లకు రాసినవి బోలెడు. రాసినవాళ్లకు ఇబ్బంది కలగకూడదనే పేరు వెయ్యం. నీ పేరూ వెయ్యలేదు. 'ఉత్తరం, గృహిణి, వుల్వర్‌హాంప్టన్, 1971' అని వేశాను, అంతే. నిన్ను కాపాడటానికే.

నువ్వు రాసిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధమా? అబద్ధమైతే చెప్పు, ఇప్పుడే తీయిస్తాను. ఎనభై నాలుగు చీటీల్లో అదొక్కటే బతికున్న వాక్యం. ఆ రాజులూ బిషప్పుల మధ్య అది చూసి మా టైపిస్టు ఆడపిల్లలు ముగ్గురూ లేచి నా బల్ల దగ్గరికొచ్చి చదివి వెళ్లారు. అది నీ ఇల్లు కాదు, వాళ్ల అమ్మల ఇల్లు.

ఇంకో సంగతి కూడా అనేస్తాను, నీకు కోపం వచ్చినా సరే. నిన్ను ఎరగనని చెప్పింది నేను కాదు. నీ వాక్యం నీ ఎదురుగా వచ్చి నిలబడితే తెలీదండీ అని ట్రైఫిల్ వడ్డించింది నువ్వు. క్లిఫర్డ్ సీటు కోసం. కోపమంతా నా మీద పోస్తున్నావు గానీ, అందులో సగం ఎవరికి చెందాలో నీకు తెలుసు.

ఎనిడ్


వుల్వర్‌హాంప్టన్
1972 జనవరి 30

ఎనిడ్,

సగం ఎవరికి చెందాలో నాకు తెలుసు. వాళ్ల వంతు వాళ్లకు ఇస్తాను, నువ్వు పంచి పెట్టక్కర్లేదు. ఇది నీ వంతు.

కాపాడానంటావా? నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. గృహిణి, వుల్వర్‌హాంప్టన్. తాళాలు కొనేవాళ్లకు నా పేరు తెలియదు, సరే, వాళ్లు తాళాలు కొనడానికొచ్చారు. షెఫీల్డ్ ఆయనకు నేను బార్బరాని, ఆయన ఖర్మ. నీకు తెలుసు కదే నా పేరు. చిన్నప్పుడు నాకు నాలుక తిరక్కపోతే ఆ పేరు పలకడం నేర్పిందే నువ్వు. నా పేరెవరికీ తెలియదని ఏడుస్తూ రాసిన వాక్యం కింద, నీ చేత్తో, నా పేరు తీసేసి గృహిణి అని రాశావు. రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగలేదా?

పత్రికలో పడిందని కాదు నా కోపం. క్లిఫర్డ్‌కు అదే కోపం, అది ఆయన గొడవ. నా కోపం వేరే. వాళ్లు నన్ను పళ్లేలు అందించే చెయ్యిగా చూశారు. నువ్వు వాక్యాలు అందించే చెయ్యిగా చూశావు. మీ ఇద్దరికీ తేడా ఏమిటో నువ్వే చెప్పు, మాటల అర్థాలు తెలిసినదానివి.

ఒక్క ప్రశ్న అడుగుతాను, డొంకతిరుగుడు లేకుండా జవాబు రాయి. ఇదొక్కటేనా? ఇరవై రెండేళ్లుగా నీకు ఉత్తరాలు రాస్తున్నాను. ఎన్ని చీటీలు చేశావు?

బెరిల్


నార్విచ్
1972 ఫిబ్రవరి 12

బెరిల్,

రెండొందల పధ్నాలుగు.

ఈ జవాబు ఇంతకు ముందే రాయాల్సింది. ముందు లెక్క తేల్చుకుందామని సొరుగుల్లో వెతకడం మొదలుపెట్టాను. బొగ్గు గని సమ్మెతో కరెంటు కోతలు కదా, మధ్యాహ్నం మూడుకే సొరుగుల గదిలో చీకటి. కొవ్వొత్తి పట్టుకుని 'ఎ' నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తీశాను. నువ్వు అక్షరక్రమంలో ఉన్నావు. నీ పెళ్లి కేకు విరిగిన సంగతి 'అంచు' కింద ఉంది. నీకు బిడ్డ నిలవనప్పుడు రాసిన ఉత్తరంలోంచి ఒక వాక్యం 'ఖాళీ' కింద పెట్టాను. అమ్మ పోయిన పూట నువ్వు రాసింది 'దుప్పటి' కింద ఉంది. ఆ రోజు నేను రాలేకపోయాను, పని ఉందన్నాను. ఆ పని ఇదే.

ఒక్కోటి తీసినప్పుడు మంచి వాక్యం దొరికిందని సంబరపడ్డానే గానీ అది నువ్వని అనుకోలేదు. అన్నిటి కిందా గృహిణి అనే ఉంది. 1950లో నువ్వింకా పెళ్లి కూడా కాని పిల్లవి, అప్పటి ఉత్తరంలోంచి తీసిన చీటీ మీద కూడా గృహిణి అనే రాశాను. నీ ప్రశ్నకు ఇదే జవాబు. చెయ్యి ఆగలేదు.

పెన్‌రోజ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆ వాక్యం కింద మా చెల్లెలి పేరు వెయ్యమని అడిగాను. "పేర్లు పుస్తకాలు రాసినవాళ్లకమ్మా. ఉత్తరాలు రాసినవాళ్లకి ఊరు వేస్తాం," అన్నాడు. ఆ ఊరు మాత్రం ఎందుకండీ, ఊరు ఉత్తరాలు రాస్తుందా అన్నాను. తొమ్మిదేళ్లలో ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం ఇదే మొదలు. ఆయన బూట్లు చూసుకుంటూ కూర్చున్నాడు గానీ లొంగలేదు.

రాసినవాళ్లు అభ్యంతరం చెబితే తీసెయ్యాలన్నది కూడా నిబంధనే. ఆ కాగితం ఇందులో పెట్టాను. నువ్వు సంతకం చేసి పంపితే వాక్యం పోతుంది. పేజీ అచ్చుకు అక్షరాలు పేర్చేశారు కనుక ఆ రెండు వరుసలు ఖాళీగా వదలరు, సరిగ్గా రెండు వరుసల్లో పట్టే ఇంకో వాక్యం పెట్టాలి. అదీ ఎవరో నిజంగా రాసినదే అయ్యుండాలి, మళ్లీ ఒక్క అక్షరం మార్చకూడదు. మార్చి పదో తారీఖు గడువు. నువ్వు తీసెయ్యమంటే ఏదో ఒక బిషప్పును పెడతాను.

సంతకం చెయ్యి. క్లిఫర్డ్ కోసం కాదు. నీ దగ్గర్నుంచి తీసుకున్నవాటిలో ఒక్కటైనా నీకు తిరిగి ఇచ్చానన్న తృప్తి నాకుండాలి.

నీ అక్క


వుల్వర్‌హాంప్టన్
1972 మార్చి 3

ఎనిడ్,

కాగితం మీద సంతకం చేసి ఇందులో పెట్టాను. సంతకం చేసేటప్పుడు క్లిఫర్డ్ నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు, బడిపంతులిలా. అది నాలుగు రోజుల క్రితం సంగతి. అప్పుడే పోస్టు చెయ్యాల్సింది. గురువారం దాకా ఉంచమన్నాడు, ఫెనర్ గారు అడిగితే చూపిద్దామని.

నిన్న వచ్చారు. అదే అయిదుగురు, అదే మాంసం. కార్డుల డబ్బా తీసి మిసెస్ ఫెనర్ కార్డు చూశాను. 'మిసెస్ ఫెనర్. సెలరీ పడదు. కూతురు పారిస్‌లో.' అంతే ఉంది. డబ్బా అంతా తిరగేశాను. భార్యలతో వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఆ భార్యలకెవరికీ నేను పేరు రాయలేదు. 'ఈయన భార్య, లావుపాటిది.' 'ఆయన భార్య, పోర్ట్ వైను తాగుతుంది.' నా చేత్తో నేనే రాశాను. ఇది నీకు చెప్పకపోయినా నీకు తెలిసేది కాదు. అయినా చెబుతున్నాను, నా తప్పు దాచుకుని నీ తప్పు కడగడం నాకు నచ్చదు.

భోజనం దగ్గర క్లిఫర్డ్ తనంతట తానే ఎత్తాడు. "ఆ వాక్యం సంగతి తేలిపోయిందండీ. మా వదిన ఆఫీసులో ఏదో పొరపాటు. మా ఆవిడకీ దానికీ ఏ సంబంధం లేదు. అయినా తీయించేస్తున్నాం," అన్నాడు. ఫెనర్ గారు మాంసం నములుతూ, "అదే నేనూ అనుకున్నానయ్యా. మన మిసెస్ ట్రాంటర్ లాంటి ఆవిడ అలాంటివి రాస్తుందా ఎక్కడైనా? నేను మా ఆవిడతో అన్నాను కూడా, అబ్బే, ఈవిడ కాదు, ఈ..." అని ఆగాడు.

ఆగిపోయాడు అక్కా. పేరు తట్టలేదు ఆయనకు. చెంచా గాల్లో పెట్టి క్లిఫర్డ్ వైపు చూశాడు, అందిస్తాడని. నేను గోడ కిటికీలోంచి చూస్తున్నాను, గ్రేవీ గిన్నె చేతిలో ఉంది. మా ఆయన అందించలేదు. ఆయనకు తెలియక కాదు. ఆ మాట వాక్యం ముగించడానికి అవసరమని ఆయనకు తోచలేదు. "అవునవును, ఈవిడ కాదు," అని మాంసం కోసుకున్నాడు.

గ్రేవీ గిన్నె వంటింట్లోనే వదిలేసి, చుట్టూ తిరిగి తలుపులోంచి వెళ్లాను. నేను అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

నా పేరు బెరిల్. ఆ వాక్యం నాదే, ఇకమీదట గురువారాలు నేను ఎవరినీ ఎంటర్‌టైన్ చెయ్యను.

క్లిఫర్డ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను మిసెస్ ఫెనర్ వైపు తిరిగి, "మీ పేరేంటండీ? రెండుసార్లు మా ఇంట్లో తిన్నారు, నేను అడగనే లేదు," అన్నాను. ఆవిడ చేతిగుడ్డ మడిచి పక్కన పెట్టి, "ఇసొబెల్," అంది. తర్వాత, "ఆ కత్తిరింపు నేను ఊరికే తేలేదులెండి. మీరు అవునంటారేమోనని చూశాను," అంది. ఫెనర్ గారు ఆవిడ వైపు అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

పియానో ముందున్న పీట లాక్కుని కూర్చుని నేనూ తిన్నాను. చల్లారిపోయింది. ఉప్పు తక్కువైంది. పన్నెండేళ్లలో ఒక్కడూ చెప్పలేదు.

ఇవాళ పొద్దున క్లిఫర్డ్‌కు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సీటు ఇంకెవరికో ఇచ్చారట. ఫోన్ పెట్టేసి, "నీకిప్పుడు చల్లగా ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఇంకా మండుతూనే ఉంది అన్నాను. చల్లగా ఉంటుందని ఎవరన్నారు ఈయనతో?

నీ మీదా కోపం పోలేదు. దుప్పటి కింద పెట్టావట అమ్మని. ఆ చీటీలన్నీ ఎప్పుడో ఒకరోజు నేనే వచ్చి చూస్తాను, ఒక్కొక్కటే, నువ్వు పక్కన నిలబడాలి.

పాత వాక్యం మాత్రం తీసెయ్. క్లిఫర్డ్ చెప్పాడని కాదు. అది ఇక నిజం కాదు. అయిదుగురికి తెలిసింది, ఆరోవాడికి గుర్తొచ్చింది. బిషప్పును పెడతానన్నావు. నీ ఇష్టం. ఇది ఉత్తరం, నిజంగా రాసింది. జరిగిందీ నిజమే, సాక్షులు ఆరుగురున్నారు. ఈసారి నన్ను అడగక్కర్లేదు.

బెరిల్


నార్విచ్
1972 మార్చి 9

బెరిల్,

ఉత్తరం సోమవారం చేరింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. తర్వాత కూర్చుని వరుసలు చూశాను. రెండు వరుసల్లో పట్టింది, కొసన ఒక్క అక్షరం చోటు కూడా మిగల్లేదు.

పెన్‌రోజ్ గారు చీటీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివారు. "ఇందులో పేరుందేంటమ్మా," అన్నారు.

"ఉందండీ," అన్నాను.

"తీసేస్తే?"

"ఒక్క అక్షరం మార్చకూడదు కదండీ. మీ నిబంధనే."

"ఎవరీ బెరిల్?" అన్నారు. చెప్పాను. 'దుప్పటి' చీటీ సంగతి కూడా చెప్పాను. ఆయన మూలన తన సంతకం గీసి ఇచ్చారు. పొద్దున అచ్చుకు వెళ్లిపోయింది. నువ్వు ఎప్పుడొచ్చినా సరే, సొరుగుల తాళంచెవి నా దగ్గరే ఉంది. పక్కన నిలబడతాను. తిట్టాల్సింది ఉంటే అప్పటికి ఉంచుకో.

చీటీ నకలు కింద రాస్తున్నాను.

ఎంటర్‌టైన్, క్రియ. మొదటి అర్థం: ఇంటికొచ్చినవారికి తిండీ పానీయాలతో మర్యాద చేయడం.
'నా పేరు బెరిల్. ఆ వాక్యం నాదే, ఇకమీదట గురువారాలు నేను ఎవరినీ ఎంటర్‌టైన్ చెయ్యను.'
ఉత్తరం, గృహిణి, వుల్వర్‌హాంప్టన్, 1972.

ఎనిడ్


(కార్డు)
వుల్వర్‌హాంప్టన్
1972 మార్చి 17

అక్కా,

చేరింది. నిన్న గురువారం. నేనూ క్లిఫర్డూ టోస్టు మీద బీన్స్ వేసుకుని తిన్నాం. టిన్ను ఆయనే తెరిచాడు, వేలు కోసుకున్నాడు. కట్టు కట్టేటప్పుడు, "థాంక్స్, బెరిల్," అన్నాడు. బార్బరా అనలేదు, అదే పదివేలు.

ఏప్రిల్ పన్నెండున వస్తున్నాను, సొరుగులు తెరిచి పెట్టు.

'గృహిణి' ఇంకా ఉంది. అదీ తీయించు.

బెరిల్